ఫొటో కాని ఫొటో: ప్రొటీన్ రూపాన్ని ఎలక్ట్రాన్లతో ఎలా పట్టుకుంటున్నారు?

క్లుప్తంగా: ప్రొటీన్లవీ వైరస్ ముళ్లవీ అంటూ వార్తల్లో కనిపించే రంగుల బొమ్మల్లో చాలావాటికి ఆధారం క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ, అంటే శాంపిల్‌ను అతి చలిలో బిగించి ఎలక్ట్రాన్లతో చూడటం. అవి కెమెరా క్లిక్‌మనిపించిన ఫొటోలు కావు, కల్పించిన యానిమేషన్లూ కావు. గాజులా బిగిసిన నీటిలో చిక్కుకున్న లక్షల అణువుల మసక నీడలను కంప్యూటర్ సగటు చేస్తే వచ్చిన ఫలితాలు. ఈ పద్ధతి బలం ఆ సగటులోనే ఉంది. మోసపోయే అవకాశమూ అక్కడే ఉంది.

కొవిడ్ మొదలైన రోజుల్లో టీవీ తెర మీద ఒక బొమ్మ పదేపదే కనిపించేది. మూడు రేకుల పువ్వులా పైకి విచ్చుకున్న వైరస్ ముల్లు (స్పైక్ ప్రొటీన్). కింద ‘మైక్రోస్కోపులో కరోనా’ అని రాసేవారు. కొందరు దాన్ని నిజం ఫొటో అనుకున్నారు, కొందరు గ్రాఫిక్స్ కుర్రాళ్లు గీసిన బొమ్మ అనుకున్నారు. రెండూ కాదు. ఆ ముల్లు నిర్మాణాన్ని అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జేసన్ మెక్‌లెల్లన్ బృందం, అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్తలతో కలిసి తేల్చింది. వైరస్ జన్యుక్రమం 2020 జనవరి రెండో వారం మొదట్లో బయటికొచ్చింది. ముల్లు నిర్మాణం ఫిబ్రవరి 19న అచ్చయింది. అంటే 40 రోజులు. అంతకు ముందు తరంలో ఇలాంటి పనికి ఏళ్లు పట్టేవి, కొన్నిసార్లు ఒక పరిశోధకుడి ఉద్యోగ జీవితమంతా సరిపోయేది కాదు.

ఇంత వేగం ఎలా వచ్చిందో తెలియాలంటే, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పుట్టాక కూడా ప్రొటీన్ల విషయంలో అది దశాబ్దాల పాటు ఎందుకు చతికిలబడిందో ముందు చూడాలి.

వెలుతురు చాలని చోటు

మామూలు మైక్రోస్కోపుకు ఒక గీత ఉంది. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. దానితో చూస్తే 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకటే చుక్కగా కలిసిపోతాయి. కటకం ఎంత మంచిదైనా అంతే. (ఈ గీతను దాటే ఉపాయాలు తర్వాత వచ్చాయి, అది వేరే కథ.) రక్తంలోని హిమోగ్లోబిన్ అణువు 6 నానోమీటర్లు ఉంటుంది. కాంతితో దాని ఆకారం చూడాలనుకోవడం జాలరి వలతో దోమలు పట్టాలనుకోవడమే.

ఎలక్ట్రాన్లు కూడా తరంగాల్లా ప్రవర్తిస్తాయి. 3 లక్షల వోల్టులతో ఉరికించిన ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం 0.002 నానోమీటర్లు మాత్రమే, పరమాణువు కంటే ఎంతో చిన్నది. బెర్లిన్‌లో ఎర్నస్ట్ రుస్కా, మాక్స్ నోల్ తొలి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును 1931లో తయారుచేశారు. లోహాలు, స్ఫటికాల విషయంలో ఆ యంత్రం కాలక్రమంలో పరమాణువుల వరుసలను చూపించగలిగింది. జీవపదార్థం దగ్గరికి వచ్చేసరికే మొండికేసింది. కారణాలు మూడు, మూడూ ఒకదానికొకటి ముడిపడినవే.

గాలి కణాలకు ఎలక్ట్రాన్లు చెదిరిపోతాయి కాబట్టి మైక్రోస్కోపు గొట్టంలో శూన్యం ఉండాలి. శూన్యంలో నీరు క్షణాల్లో ఆవిరైపోతుంది. ప్రొటీన్ బతికేదే నీటిలో. నీరు పోతే ఎండిన వంకాయలా ముడుచుకుపోతుంది. రెండోది, వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు ప్రొటీన్‌లోని బంధాలను తెంచేస్తాయి. అంటే చూడటమే దాన్ని చంపడం. దెబ్బ తగలకూడదని ఎలక్ట్రాన్లను పొదుపుగా వాడితే బొమ్మ గింజలు గింజలుగా, పాత టీవీలో సిగ్నల్ పోయినప్పుడు కనిపించే చుక్కల్లా వస్తుంది. ఇక మూడోది: ప్రొటీన్‌లో ఉండేది కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, హైడ్రోజన్. చుట్టూ ఉన్న నీటిలోనూ తేలిక పరమాణువులే. ఎలక్ట్రాన్ల దృష్టిలో రెండిటికీ పెద్ద తేడా లేదు. పాలగిన్నెలో తెల్లదారం వెతికినట్టు ఉంటుంది పని.

చాలా ఏళ్ల పాటు దీనికి దొరికిన మార్గం అద్దకం. యురేనియం లాంటి భార లోహాల లవణాలను ప్రొటీన్ చుట్టూ పోసి ఆరబెడతారు. లోహం ఎలక్ట్రాన్లను బాగా చెదరగొడుతుంది కాబట్టి ప్రొటీన్ ఉన్నచోటు తెల్లగా, చుట్టూ నల్లగా కనిపిస్తుంది. తేలికైన పద్ధతే, శాంపిల్ బాగుందో లేదో త్వరగా చూసుకోవడానికి ఇప్పటికీ ల్యాబుల్లో వాడతారు. కానీ కనిపించేది ప్రొటీన్ కాదు, దాని అచ్చు. అదీ ఎండి అణిగిపోయిన ప్రొటీన్ అచ్చు. లోపల ఏముందో అచ్చు చెప్పదు.

గడ్డకట్టే తీరిక ఇవ్వకుండా

నీరు ఆవిరి కాకుండా ఉండాలంటే గడ్డకట్టించవచ్చు కదా అన్న ఆలోచన అందరికీ వచ్చేదే. 1974లో అమెరికాలో కెన్నెత్ టేలర్, రాబర్ట్ గ్లేజర్ చల్లబరిచిన ప్రొటీన్ స్ఫటికం శూన్యంలో కూడా చెక్కుచెదరకుండా ఉంటుందని చూపించారు. చలిలో ఎలక్ట్రాన్ల దెబ్బ కూడా కొన్ని రెట్లు తగ్గుతుంది. చిక్కు మంచుతోనే. టమాటాను ఫ్రీజర్‌లో పెట్టి బయటికి తీస్తే మెత్తగా చితికిపోయి ఉంటుంది. లోపలి నీరు స్ఫటికాలుగా మారేటప్పుడు విస్తరించి కణాలను చీల్చేయడం వల్ల అలా అవుతుంది. మంచు స్ఫటికాలు ప్రొటీన్‌నూ వదలవు. పైగా ఎలక్ట్రాన్లను ఇష్టమొచ్చినట్టు చెదరగొట్టి బొమ్మను పాడుచేస్తాయి.

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో యూరోపియన్ మాలిక్యులర్ బయాలజీ ల్యాబొరేటరీలో జాక్ దుబొషే బృందం 1980ల మొదట్లో దీనికి విరుగుడు కనిపెట్టింది. నీటిని సెకనుకు లక్ష డిగ్రీలకు మించిన వేగంతో చల్లబరిస్తే, దాని అణువులకు బారులు తీరే తీరిక ఉండదు. ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. అది మంచుగడ్డ కాదు, గాజు లాంటి నీరు. అందులో ఉన్న ప్రొటీన్ ఈత కొడుతూ కొడుతూ ఆ భంగిమలోనే ఆగిపోతుంది.

ఇక్కడ ఒక చిన్న వంటింటి భౌతికశాస్త్రం ఉంది. చల్లబరచడానికి ద్రవ నైట్రోజన్ చాలదా? దాని ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు. కానీ బాగా కాలిన దోసె పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుక్కలు అంటుకోకుండా గెంతుతాయి. చుక్క కింద ఆవిరి పొర పుట్టి వేడిని అడ్డుకుంటుంది. ద్రవ నైట్రోజన్‌లో ఏ వస్తువు ముంచినా అదే తంతు. వస్తువు చుట్టూ నైట్రోజన్ ఆవిరి దుప్పటిలా కప్పుకుని చల్లబడే వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే నైట్రోజన్‌తో చల్లబరిచిన ద్రవ ఈథేన్ వాడతారు. అది అంత సులువుగా మరగదు, వేడిని చప్పున లాగేస్తుంది.

ఆచరణలో జరిగేది ఇది. 3 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రాగి లేదా బంగారు జల్లెడ మీద, అంతకంటే చిన్న రంధ్రాలున్న పలుచటి పొర ఉంటుంది. దాని మీద ప్రొటీన్ కలిసిన నీరు 3 మైక్రోలీటర్లు వేస్తారు. వడపోత కాగితంతో అద్ది అదనపు నీటిని పీల్చేస్తారు. మిగిలిన నీటి పొర మందం కొన్ని పదుల నానోమీటర్లే. వెంటనే ఆ జల్లెడను ఈథేన్‌లోకి సూటిగా దించేస్తారు. అక్కడి నుంచి పని పూర్తయ్యేదాకా చలి తగ్గకూడదు. మైనస్ 140 డిగ్రీల దరిదాపులు దాటి వేడెక్కితే గాజునీరు మామూలు మంచుగా మారిపోతుంది, శాంపిల్ చెత్తబుట్ట పాలు. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకు కూడా టెన్షన్ పెట్టేది ఈ కాగితంతో అద్దే రెండు మూడు సెకన్లే. మిగిలినదంతా యంత్రం చూసుకుంటుంది.

లక్ష మంది రోగులు, ఒక్కొక్కరికి ఒక్కటే ఎక్స్‌రే

ఇంత చేశాక మైక్రోస్కోపు కింద కనిపించేది ఏమిటి? బూడిదరంగు మసక. అందులో అలవాటుపడిన కళ్లకు మాత్రమే తెలిసే మరకలు. ఒక్కో మరక ఒక ప్రొటీన్ నీడ. ఎలక్ట్రాన్లు అణువు గుండా దూసుకుపోతాయి కాబట్టి అది పైతలం బొమ్మ కాదు, ఎక్స్‌రే ఫిల్ములా లోపలిదంతా ఒకదాని మీద ఒకటి పడిన నీడ.

సీటీ స్కాన్‌తో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. స్కాన్ యంత్రం ఒకే రోగి చుట్టూ తిరుగుతూ వందల కోణాల్లో ఎక్స్‌రేలు తీసి, వాటిని కలిపి లోపలి రూపాన్ని నిర్మిస్తుంది. ప్రొటీన్‌ను అన్ని కోణాల్లో తీయడం కుదరదు. మొదటి బొమ్మకే దాని ఆయుష్షు తీరిపోతుంది. అందుకని ఒక్క రోగికి బదులు అచ్చం ఒకేలా ఉన్న లక్ష మందిని తీసుకుంటారు. వాళ్లు ఎలా పడితే అలా పడుకుని ఉంటారు, బోర్లా, వెల్లకిలా, పక్కకు తిరిగి. ఒక్కొక్కరికి ఒక్కటే ఎక్స్‌రే, అదీ సరిగా కనిపించనిది. ఎవరు ఏ వైపు తిరిగి ఉన్నారో రాసిపెట్టిన కాగితం లేదు. నీడలు చూసే అది ఊహించాలి.

ఈ లెక్కను లొంగదీసినవారు అమెరికాలోని ఆల్బనీలో పనిచేసిన జోకిమ్ ఫ్రాంక్. 1970ల మధ్య నుంచి 80ల దాకా ఆయనా ఆయన సహచరులూ మసక బొమ్మలను పోలికలను బట్టి గుంపులు చేసి, ఒక్కో గుంపును ఒక దిశకు తిప్పి సరిపెట్టి, సగటు తీసే పద్ధతులు తయారుచేశారు. సగటులో కిటుకు సులువే. నిజమైన రూపం ప్రతి బొమ్మలోనూ అదే చోట ఉంటుంది, కలుపుకుంటూ పోతే గట్టిపడుతుంది. చుక్కల గోల ప్రతి బొమ్మలో వేరుగా ఉంటుంది, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. పది వేల బొమ్మలు కలిపితే స్పష్టత వంద రెట్లు పెరుగుతుంది. నీడల నుంచి మూడు కొలతల రూపం కట్టవచ్చని కేంబ్రిడ్జ్‌లో డేవిడ్ డిరోజియర్, ఆరన్ క్లగ్ 1968లోనే ఒక వైరస్ తోక మీద చేసి చూపించారు.

అయితే పరమాణువుల స్థాయి దాకా వెళ్లడం అసలు సాధ్యమా? సాధ్యమేనని నిరూపించినది కేంబ్రిడ్జ్‌లోనే ఉన్న రిచర్డ్ హెండర్సన్. ఆయన ఎంచుకున్నది సూక్ష్మజీవి పొరలో తనంతట తానే పలకలా పరుచుకునే బాక్టీరియోరొడాప్సిన్ అనే ప్రొటీన్. 1975లో నైజెల్ అన్విన్‌తో కలిసి దాని తొలి రూపం ఇచ్చారు. అందులో పొరకు అడ్డంగా దూరిన 7 కడ్డీలు కనిపించాయి. పరమాణు నమూనా కట్టగలిగేంత స్పష్టత రావడానికి 1990 దాకా పట్టింది. 15 ఏళ్లు, ఒకే ప్రొటీన్ మీద. ఫ్రాంక్, దుబొషే, హెండర్సన్‌లకు 2017 రసాయనశాస్త్ర నోబెల్ వచ్చినప్పుడు, ముగ్గురిలో ఎవరు లేకపోయినా ఈ పద్ధతి నడిచేది కాదన్న మాట వినిపించింది. అది మర్యాదకు అన్న మాట కాదు. ఒకరిది శాంపిల్, ఒకరిది లెక్క, ఒకరిది సాధ్యమన్న రుజువు.

ముద్దల శాస్త్రం నుంచి

అయినా 2010 దాటేదాకా, ప్రొటీన్లను స్ఫటికాలుగా పెంచి వాటి మీదికి ఎక్స్‌రేలు పంపి రూపం తేల్చే శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని ‘బ్లాబాలజీ’ అని ఆటపట్టించేవారు. ముద్దల శాస్త్రం అన్నమాట. ఎగతాళిలో నిజం లేకపోలేదు. గొప్ప సమరూపత ఉన్న కొన్ని వైరస్‌లను వదిలేస్తే, వచ్చే బొమ్మలు చాలావరకు ఆకారం లేని ముద్దలే.

మార్పు తెచ్చింది కెమెరా. అంతకు ముందు ఫిల్ము వాడేవారు, తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చాయి. ఆ డిజిటల్ కెమెరా ఎలక్ట్రాన్‌ను నేరుగా పట్టుకోదు. ముందు దాన్ని మెరుపుగా మార్చి, ఆ మెరుపును ఫొటో తీస్తుంది. మెరుపు పక్కలకు చిమ్ముతుంది, బొమ్మ అలుక్కుపోతుంది. కొత్త తరం డిటెక్టర్లు ఎలక్ట్రాన్‌ను నేరుగా పట్టుకుని, ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలవు. అంతకంటే ముఖ్యమైనది, అవి ఒకే ఫొటో బదులు సెకనుకు ఎన్నో ఫ్రేములతో చిన్న సినిమా తీస్తాయి. ఎలక్ట్రాన్ ధార తగలగానే గాజునీటి పొర కొద్దిగా కదులుతుందని, ఇన్నాళ్లూ బొమ్మలు మసకబారడానికి అదీ ఒక కారణమని ఆ సినిమాల్లో బయటపడింది. ఫ్రేములను వెనక్కి జరిపి సరిపెడితే మసక పోయింది. చెయ్యి వణికిన వీడియోను ఫోన్ సరిచేసినట్టే.

అదే సమయంలో కేంబ్రిడ్జ్‌లో షోర్స్ షేరెస్ రాసిన రెలియాన్ అనే సాఫ్ట్‌వేర్ 2012లో వచ్చింది. ఏ బొమ్మ ఏ దిశలో ఉందో ఖాయంగా తేల్చేయకుండా, ఇన్ని దిశల్లో ఉండే అవకాశం ఇంత అని సంభావ్యత లెక్కలతో నడుస్తుంది. ఈ రెండూ కలిసి 2013, 2014 సంవత్సరాల్లో తెచ్చిన మార్పుకు జర్మనీ శాస్త్రవేత్త వెర్నర్ క్యూల్‌బ్రాంట్ ‘రిజల్యూషన్ విప్లవం’ (స్పష్టతలో విప్లవం) అని పేరు పెట్టారు. శాస్త్రంలో విప్లవం అన్న మాట చవకైపోయిందిగానీ, ఇక్కడ సరిపోయింది.

కారం తగిలే చోటు

ఆ మార్పును ఒక్క ఉదాహరణలో చూడాలంటే పచ్చిమిరపకాయ కొరకాలి. తెలుగులో కారానికి నోరు ‘మండుతుంది’, పెనం తగిలినా చెయ్యి ‘మండుతుంది’. ఈ మాటలో ఉన్న జీవశాస్త్రాన్ని 1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్ బృందం నిరూపించింది. మిరపలోని క్యాప్సైసిన్‌కూ, సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికీ నరాల చివర స్పందించే ప్రొటీన్ ఒకటే. దాని పేరు టీఆర్‌పీవీ1. నరకణం పొరలో ఇది ఒక తలుపు. తెరుచుకుంటే లోపలికి విద్యుదావేశ కణాలు దూరి మంట అన్న కబురు మెదడుకు వెళుతుంది.

ప్రొటీన్ దొరికింది, దాని రూపం మాత్రం దొరకలేదు. కొవ్వు పొరలో కూరుకుని ఉండే ఇలాంటి ప్రొటీన్లను స్ఫటికాలుగా పెంచడం మహా కష్టం. పొరలోంచి తీస్తే నిలకడగా ఉండవు, ఉన్నా బారులు తీరవు. స్ఫటికం లేకపోతే ఎక్స్‌రే పద్ధతికి పని లేదు. అదే విశ్వవిద్యాలయంలోని ఇఫాన్ చెంగ్ బృందంతో కలిసి జూలియస్ 2013 డిసెంబరులో దీని నిర్మాణాన్ని 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో ప్రచురించారు. ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు. స్ఫటికం అవసరమే పడలేదు.

ఆ బొమ్మలో ఒకేలాంటి నాలుగు గొలుసులు, మధ్యలో దారి, ఆ దారికి రెండు చోట్ల ఇరుకులు కనిపించాయి. ఒక్క బొమ్మతో ఆగలేదు. ఏమీ తగలనప్పుడు రెండు ఇరుకులూ మూసి ఉన్నాయి. క్యాప్సైసిన్ తగిలితే కింది ఇరుకు కొంత విడింది. ఒక సాలీడు విషాన్నీ, జెముడు జాతి మొక్క నుంచి వచ్చే ఘాటైన రసాయనాన్నీ కలిపి ఇస్తే పైదీ కిందిదీ రెండూ తెరుచుకున్నాయి. అంటే ఒకే తలుపు మూడు స్థితుల్లో దొరికింది. జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. దానికి ప్రధాన కారణం 1997 నాటి పని, ఈ బొమ్మ కాదు. అయినా పొరలోని ప్రొటీన్ల మీద పనిచేసేవాళ్లు తమ పద్ధతి మార్చుకోవడానికి కారణం మాత్రం ఈ బొమ్మే.

రూపం తెలిసినంత మాత్రాన మందు వచ్చేయదని కూడా ఇదే ప్రొటీన్ గుర్తుచేస్తుంది. దీన్ని మూసేస్తే నొప్పి తగ్గుతుందని మందుల కంపెనీలు అంతకు ముందే ప్రయత్నించాయి. కొన్ని మందులు వాడిన మనుషుల్లో ఒంటి ఉష్ణోగ్రత పెరిగిపోయింది. వేడిని కనిపెట్టే తలుపును మూస్తే శరీరం లెక్క తప్పుతుంది మరి. ఆ చిక్కు రూపంలో లేదు, శరీరంలో ఉంది.

స్ఫటికం ఇవ్వనిది

ఎక్స్‌రే స్ఫటిక పద్ధతిని తక్కువ చేయడానికి లేదు. 1971లో 7 నిర్మాణాలతో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంక్ 2023 నాటికి 2 లక్షలు దాటింది, వాటిలో అత్యధిక భాగం ఎక్స్‌రేతో వచ్చినవే. చిన్న ప్రొటీన్లకు, ఒకే ప్రొటీన్‌లో వందల మందు అణువులను ఒకదాని తర్వాత ఒకటి అమర్చి చూసే పనికి ఇప్పటికీ అదే చవక, అదే వేగం. కణంలో ప్రొటీన్లను తయారుచేసే రైబోజోమ్ నిర్మాణానికి 2009లో నోబెల్ పంచుకున్న వెంకీ రామకృష్ణన్ ఆ పని చేసింది స్ఫటికాలతోనే. ఆయన ప్రయోగశాల తర్వాత క్రయో పద్ధతికి మళ్లి, 2014లో ఈస్ట్ మైటోకాండ్రియా రైబోజోమ్‌లో పెద్ద భాగాన్ని దానితోనే చూపించింది. నోబెల్ తెచ్చిన పనిముట్టును పక్కనపెట్టి కొత్తది పట్టుకోవడం కంటే పెద్ద సర్టిఫికెట్ ఏ పద్ధతికీ దొరకదు.

అసలు తేడా వేరే చోట ఉంది. స్ఫటికంలో అణువులన్నీ ఒకే భంగిమలో, కవాతులో నిలబడ్డట్టు ఉండాలి. గాజునీటిలో ఆ నిర్బంధం లేదు. కొన్ని తెరుచుకుని, కొన్ని మూసుకుని, కొన్ని మధ్యలో ఉంటాయి. కంప్యూటర్ వాటిని విడివిడి గుంపులుగా వేరుచేయగలిగితే, ఒకే శాంపిల్ నుంచి ఒక యంత్రం పనిచేసే దశలన్నీ బయటికొస్తాయి.

ఏటీపీ సింథేజ్ దీనికి చక్కటి ఉదాహరణ. ఏటీపీ అంటే కణానికి ఖర్చు పెట్టుకునే చిల్లర లాంటిది. దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వేరుచేసినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు (అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా కనుగొన్నారు). ఆ ఏటీపీని తయారుచేసే యంత్రం గిర్రున తిరిగే ఇరుసున్న మోటారు. తిరిగే మోటారును స్ఫటికంలో బిగిస్తే ఒక్క భంగిమే దొరుకుతుంది. క్రయో పద్ధతిలో ఇరుసు వేర్వేరు కోణాల్లో ఆగిన అణువులు విడివిడిగా దొరికాయి. వాటిని వరుసగా పేరిస్తే మోటారు తిరగడం కళ్లకు కడుతుంది.

ఐన్‌స్టీన్ ముఖం ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంతవరకు చెప్పిన సగటు పద్ధతిలో ఒక గొయ్యి ఉంది. ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థికీ దాన్ని కథలా చెబుతారు. వెయ్యి ఖాళీ బొమ్మలు తీసుకోవాలి. వాటిలో ఏ రూపమూ లేదు, వట్టి చుక్కలే. ప్రతిదాన్నీ ఐన్‌స్టీన్ ఫొటోతో పోల్చి, ఎక్కువగా సరిపోయేలా జరపాలి. తర్వాత సగటు తీయాలి. ఐన్‌స్టీన్ ముఖం తేలుతుంది! ముఖం బొమ్మల్లో లేదు. పోల్చిన ఫొటోలోంచి వచ్చింది. మనసులో ఏదో పెట్టుకుని మబ్బుల్లో చూస్తే అదే కనిపించినట్టు, కంప్యూటర్ కూడా వెతికినదాన్నే చూపించింది.

ఇది వట్టి హెచ్చరిక కథ కాదు. 2013లో హెచ్‌ఐవీ వైరస్ ముల్లు నిర్మాణం అంటూ వచ్చిన ఒక పరిశోధన మీద సరిగ్గా ఈ అనుమానమే లేచింది. హెండర్సన్ సహా పలువురు నిపుణులు ఆ బొమ్మల్లో అసలు అణువులు ఉన్నాయనడానికి ఆధారం లేదని బహిరంగంగా రాశారు. ఆ వివాదం తర్వాత పరీక్షలు కట్టుదిట్టమయ్యాయి.

ఇప్పుడు పాటించే ముఖ్యమైన నియమం ఏమిటంటే, బొమ్మలను మొదట్లోనే రెండు సగాలుగా విడదీయాలి. ఒకదాని ముఖం ఇంకొకటి చూడకుండా రెండు రూపాలు విడిగా కట్టాలి. రెండూ ఎంత సూక్ష్మ వివరం దాకా ఏకీభవిస్తే, అదే రిజల్యూషన్. కాబట్టి ‘3 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టత’ అంటే కెమెరా శక్తి కాదు, రెండు స్వతంత్ర సగాలు ఒప్పుకున్న హద్దు. ఆ అంకెను చదవడం తెలిస్తే వార్తలు సగం అర్థమవుతాయి. 20 దగ్గర ఆకారం అంచు మాత్రమే తెలుస్తుంది. 8 దగ్గర ప్రొటీన్‌లోని మెలికలు కడ్డీల్లా కనిపిస్తాయి. 3.5 దగ్గర గొలుసు ఎటు పోతోందో, పెద్ద కొమ్మలు ఎటు తిరిగాయో గుర్తుపట్టవచ్చు. 1.2 దగ్గర పరమాణువులు విడివిడిగా నిలుస్తాయి. ఆ చివరి మెట్టును 2020లో కేంబ్రిడ్జ్, గోటింగెన్ బృందాలు అందుకున్నాయి. వాళ్లు ఎంచుకున్న ఎపోఫెరిటిన్ అనే ప్రొటీన్ ఒకేలాంటి 24 ముక్కలతో కట్టిన బిగువైన బోలు గుండు. అన్ని ప్రొటీన్లూ అంత బుద్ధిగా ఉండవు.

ఆ అంకె కూడా బొమ్మ మొత్తానికి ఒకటే కాదు. బిగువుగా ఉన్న మధ్యభాగం స్పష్టంగా, ఊగులాడే అంచులు మసకగా ఉంటాయి. మరీ ఎక్కువగా ఊగే భాగం సగటులో కరిగిపోతుంది. బొమ్మలో కనిపించని చోట ఏమీ లేదనుకుంటే పొరపాటు. ఇక రంగులు పూర్తిగా మనిషి వేసినవే. ఎలక్ట్రాన్లకు రంగు తెలియదు, ముల్లు ఎర్రగా ఉండదు.

ఇంకో ఇబ్బంది నీటి అంచుతో. కాగితంతో అద్దాక మిగిలే పలుచటి నీటిపొరలో ప్రొటీన్లు క్షణంలో వెయ్యో వంతులో పైకి చేరి గాలిని తాకుతాయి. అక్కడ కొన్ని విచ్చిపోతాయి, కొన్ని ఒకే వైపు తిరిగి అతుక్కుంటాయి. అందరు రోగులూ వెల్లకిలా పడుకుంటే పక్కవాటం ఎలా తెలుస్తుంది? ఈ చిక్కుకు ఇప్పటికీ ఒకే మందు లేదు. ప్రతి ప్రొటీన్‌కూ విడిగా తంటాలు పడాల్సిందే. చివరికి బొమ్మలో పరమాణు గొలుసును అమర్చాక, అది సహజంగా మెలి తిరగగల కోణాల్లోనే ఉందా అని సరిచూసే పట్టిక మాత్రం 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ బృందం గీసినదే. యంత్రాలు ఎన్ని మారినా ఆ పటం అవసరం పోలేదు.

కృత్రిమ మేధ వచ్చాక ఇదంతా ఎందుకు?

ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామ్ 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రొటీన్ల రూపాలను ఊహించి బయటపెట్టింది. దాని సృష్టికర్తలకు 2024లో రసాయనశాస్త్ర నోబెల్ కూడా వచ్చింది. ఇక కోట్ల రూపాయల మైక్రోస్కోపులు దండగ కదా అన్న ప్రశ్న అప్పటి నుంచి వినిపిస్తోంది.

ఆల్ఫాఫోల్డ్ నేర్చుకున్నదే ప్రయోగాలతో కట్టిన ఆ డేటా బ్యాంక్ నుంచి. తెలిసిన పోకడలున్న ఒంటరి ప్రొటీన్ గొలుసును అది బాగా చెబుతుంది. పది ప్రొటీన్లు కలిసి కట్టిన యంత్రం ఏయే స్థితుల్లో ఎంతసేపు ఉంటుందో, మందు అతుక్కుంటే ఏ భాగం జరుగుతుందో చెప్పాల్సి వచ్చినప్పుడు తడబడుతుంది. ఆచరణలో రెండూ పోటీదార్లుగా కాక తోడుదొంగల్లా పనిచేస్తున్నాయి. మసక బొమ్మలో ఏ గొలుసు ఎక్కడ అమరాలో తెలియక నెలలు పట్టే పనిని ఊహారూపం రోజులకు తగ్గిస్తోంది. ఊహ తప్పైతే బొమ్మ పట్టిస్తోంది.

కొవిడ్ ముల్లు వేగం వెనుక కూడా ఒక్క మైక్రోస్కోపే లేదు. ఆ ముల్లు ఊరికే రూపం మార్చేసుకునే రకం. దాన్ని కణంలోకి దూరకముందున్న రూపంలో బిగించడానికి రెండు చోట్ల ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం పెట్టే చిట్కాను, కొన్నేళ్ల ముందే, కరోనా కుటుంబానికే చెందిన మెర్స్ వైరస్ మీద పనిచేస్తూ ఇదే బృందాలు సిద్ధం చేసుకున్నాయి. మోడెర్నా, ఫైజర్-బయోఎన్‌టెక్ టీకాల్లో ఉన్నది ఆ చిట్కాతో బిగించిన ముల్లే. చిట్కా చేతిలో ఉంది, పనిచేసిందో లేదో రోజుల్లో చూపించే పనిముట్టూ చేతిలో ఉంది. రెండిట్లో ఏది లేకపోయినా 40 రోజుల్లో అయ్యేది కాదు.

అసలు అడ్డంకి డబ్బు. 3 లక్షల వోల్టుల యంత్రం ధర కొన్ని మిలియన్ల డాలర్లు, మన లెక్కలో పదుల కోట్లు. కంపనం లేని నేల, తేమ లేని గది, ఏటా నిర్వహణ ఖర్చు, రోజుకు టెరాబైట్లలో వచ్చే డేటాను నమిలే కంప్యూటర్లు దీనికి అదనం. అందుకే చాలా దేశాలు ఉమ్మడి కేంద్రాలు పెట్టుకున్నాయి. మన దేశంలో బెంగళూరు లైఫ్ సైన్సెస్ క్లస్టర్‌లో అలాంటి జాతీయ కేంద్రం ఉంది. బయటి పరిశోధకులు శాంపిల్‌తో వచ్చి వాడుకోవచ్చు. మరోవైపు, లక్ష వోల్టులతోనే సరిపెట్టే చిన్న, చవక యంత్రాల కోసం హెండర్సన్ చాలాకాలంగా వాదిస్తున్నారు. ప్రతి పరిశోధనశాలకూ విమానం అక్కర్లేదు, చాలాచోట్ల మోటారు సైకిలు చాలు.

ముల్లు మళ్లీ, ఈసారి వైరస్ మీదే

ఇప్పటిదాకా చెప్పినదంతా కణంలోంచి బయటికి తీసి శుభ్రం చేసిన అణువుల గురించి. వాటిని ఉన్నచోటనే చూసే పద్ధతి టోమోగ్రఫీ. ఇక్కడ సీటీ స్కాన్‌లా ఒకే శాంపిల్‌ను కొద్దికొద్దిగా వంచుతూ అనేక బొమ్మలు తీస్తారు. కణం మందంగా ఉంటే, గాజులా బిగిసిన దాన్ని అయాన్ల ధారతో చెక్కి 200 నానోమీటర్ల లోపు పలుచటి రేకు మిగిల్చి చూస్తారు. స్పష్టత తక్కువే. ఎలక్ట్రాన్లను అన్ని కోణాలకూ పంచాలి కాబట్టి ఒక్కో బొమ్మకు దక్కేవి మరీ కొద్ది.

ఆ తక్కువ స్పష్టతలోనే 2020లో జర్మనీ శాస్త్రవేత్తలు కరోనా వైరస్‌ను మొత్తంగా చూసినప్పుడు, విడిగా తీసిన ముల్లు బొమ్మ చెప్పని విషయం ఒకటి దొరికింది. విడి బొమ్మలో ముల్లు తల బాగా తెలిసింది గానీ, దాని కాడ సగటులో కరిగిపోయింది. వైరస్ మీద చూస్తే ఆ కాడకు మూడు చోట్ల కీళ్లున్నాయి. శాస్త్రవేత్తలు వాటికి తుంటి, మోకాలు, చీలమండ అని పేర్లు పెట్టారు. టీవీలో నిటారుగా నిలబడిన ఆ ముల్లు నిజానికి అటూ ఇటూ ఊగుతూ, కణం మీద తనకు కావలసిన పట్టు కోసం తడుముకుంటుంది.